రాత్రిళ్లు కాళ్ల లాగుడు: ఇనుము లోపమే కారణమా?

ప్రశ్న: నా వయసు 44 ఏళ్లు. రెండేళ్లుగా రాత్రి పడుకోగానే పిక్కల లోపల ఏదో పాకుతున్నట్టు, లాగుతున్నట్టు ఉంటోంది. లేచి నాలుగడుగులు వేస్తే తగ్గి, పడుకుంటే మళ్లీ మొదలవుతుంది. డాక్టరు గారు ఇది ‘రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్’ అనే నరాల జబ్బు అన్నారు. ఐరన్ తగ్గడం వల్లేనని మా అక్క అంటోంది. నెలసరిలో రక్తస్రావం ఎక్కువే గానీ హిమోగ్లోబిన్ 12.4 ఉంది. ఐరన్ మాత్రలు వేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: డాక్టరు గారు చెప్పినదీ, మీ అక్కగారు అంటున్నదీ రెండూ నిజం కావచ్చు. ఈ జబ్బును 1945లో స్వీడన్ వైద్యుడు కార్ల్ ఆక్సెల్ ఎక్‌బోమ్ వివరంగా వర్ణించగా, ఇనుము లోపంతో దీనికున్న సంబంధాన్ని ఆ తరువాతి పదేళ్లలోనే అక్కడి వైద్యులు గుర్తించారు. కదలికలను అదుపు చేసే డోపమైన్ అనే రసాయనాన్ని మెదడు తయారుచేసుకోవడానికి ఇనుము కావాలి. ఈ రోగుల్లో చాలామందికి రక్తంలో ఇనుము సరిపడా ఉన్నా మెదడులో నిల్వలు తక్కువగా ఉంటున్నట్టు వెన్ను నీటి పరీక్షల్లోనూ, ఎం.ఆర్.ఐ. పరిశీలనల్లోనూ తేలింది. అయితే ఇనుము తగ్గిన ప్రతివారికీ ఈ జబ్బు రాదు. వంశపారంపర్యం, గర్భం, మూత్రపిండాల వైఫల్యం కూడా కారణాలే.

హిమోగ్లోబిన్ బాగుందని ఇనుము బాగుందనుకోకండి. శరీరంలోని నిల్వలు దాదాపు అయిపోయాకే అది పడిపోతుంది. మీరు చేయించుకోవలసినది ఫెరిటిన్ (ఒంట్లోని ఇనుము నిల్వను చూపే రక్తపరీక్ష), దానితోపాటు ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో ఇనుమును మోసే ప్రోటీన్ ఎంత శాతం ఇనుముతో నిండి ఉందో చూపే పరీక్ష). ఇక్కడొక చిక్కుంది. ఫెరిటిన్ 30 వచ్చినా చాలా ల్యాబుల రిపోర్టు దాన్ని ‘నార్మల్’ అనే చూపిస్తుంది, కానీ ఈ జబ్బులో 75 లేదా అంతకు తక్కువ ఉంటే ఇనుము ఇచ్చి చూడాలన్నది నిపుణుల సిఫారసు. జ్వరం, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి అవి తగ్గాకే పరీక్షకు వెళ్లండి.

పరీక్ష లేకుండా మాత్రలు మొదలుపెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ఒంట్లో ఎక్కువైన ఇనుము బయటికి పోయే దారి లేక కాలేయంలో, గుండెలో పేరుకుంటుంది. లోపం ఉందని తేలితే డాక్టరు చెప్పిన మోతాదును రోజు విడిచి రోజు, పరగడుపున, నిమ్మరసంతో తీసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్రలు మాత్రం రెండు గంటల ఎడంగా ఉండాలి. గుణం కనిపించడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు. మాత్రలు పడకపోతే సెలైన్‌లో ఇచ్చే ఇనుము ఉంది. రక్తస్రావం ఆగకుండా ఎంత ఇనుము వేసుకున్నా నిల్వ నిలవదు కాబట్టి స్త్రీ వైద్య నిపుణురాలిని కూడా తప్పక కలవండి.

మీరు వాడే మందులన్నీ డాక్టరు గారికి చూపించండి. నిద్రమత్తు తెచ్చే జలుబు మాత్రలు, వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, కొన్ని డిప్రెషన్ మందులు ఈ లాగుడును పెంచుతాయి.