కొసాక్కుల నవల రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ రాత్రి కూర్చున్నచోటే చదివేశాను. గుర్రాల పరుగు రాయడం నీకు బాగా వచ్చు, అందులో నీకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ మొదటి పేజీలోనే "కొసాక్కుల జాతి" అని రాశావు చూడు, నవల అక్కడే దారి తప్పింది.

మొదట్లో కొసాక్కుగా ఎవరూ పుట్టలేదయ్యా, అయ్యారు. టర్కిక్ భాషల్లో ‘కజక్’ అంటే ఎవరి కిందా ఉండకుండా తిరిగేవాడు. కజకిస్తాన్ పేరులో ఉన్నదీ ఆ మాటే. దొర పొలంలో వెట్టి చెయ్యలేని రైతు, అప్పులపాలైనవాడు, నేరం చేసి తప్పించుకున్నవాడు, టర్కిక్ భాష మాట్లాడే తాతార్లు కొందరు కూడా, 15, 16 శతాబ్దాల్లో నేటి ఉక్రెయిన్, రష్యాల్లోని ద్నీపర్, డాన్ నదుల దిగువన ఉన్న గడ్డిమైదానాలకు చేరుకున్నారు. చేపలు పట్టారు, వేటాడారు, తాతార్ల దాడుల్ని కాచుకున్నారు, తామూ పడవలేసుకుని నల్లసముద్రం దాటి ఒట్టోమాన్ ఊళ్లు దోచుకొచ్చారు.

అటమాన్, అంటే కొసాక్కుల నాయకుడి ఎన్నికని ఒక్క వాక్యంలో తేల్చేశావు, నాకు బాధేసింది. ద్నీపర్ దగ్గరి కొసాక్కులైన జపరోజియన్ల కోటలో కొత్త నాయకుణ్ణి ఎన్నుకోగానే ముసలి కొసాక్కులు నేల మీది మట్టి తీసి అతని నెత్తిన పెట్టేవాళ్లు, పదవి వచ్చిందని పొగరెక్కకూడదని. వాన పడిన రోజైతే ఆ బురద మొహం మీంచి మెడలోకి కారేది. ఆ మనిషి పక్కన నన్ను నిలబెట్టు, తర్వాత యుద్ధం నాలుగు పేజీలు తగ్గినా పర్వాలేదు.

ఇక అసలు సంగతి. "డాన్ నుంచి ఎవర్నీ అప్పగించేది లేదు" అనేది అక్కడి వాళ్ల మాట, దాన్ని నువ్వు చాలా గర్వంగా వాడావు. మరి 1670లో రష్యా చక్రవర్తి జారు దొరల మీద తిరగబడ్డ డాన్ కొసాక్కు స్తెపాన్ రాజిన్‌ని మరుసటి ఏడాది పట్టి మాస్కోకి అప్పగించింది ఎవరు? డాన్ కొసాక్కులే. పట్టుకున్న అటమాన్ కొర్నీలో యాకవ్లెవ్ రాజిన్‌కి జ్ఞానపిత కూడా, అంటే బాప్తిస్మంలో తండ్రిలా నిలబడ్డవాడు. మాస్కో నుంచి ధాన్యం, తుపాకిమందు, డబ్బు అందుకునే స్థిరపడ్డ కొసాక్కు ఒకవైపు, నిన్న మొన్న పారిపోయి వచ్చిన బీదవాడు ఇంకోవైపు. ఈ చీలిక నీ నవలలో ఎక్కడా లేదు. అదే లేకపోతే, వెట్టి నుంచి పారిపోయినవాళ్ల మునిమనవలు 1905 నాటికి జారు తరఫున కొరడాలతో జనం మీదికి ఎలా వచ్చారో చదివేవాడికి అంతుపట్టదు.

ఇంకొకటి, మొహమాటం లేకుండా చెప్తున్నా. 1648లో ద్నీపర్ కొసాక్కుల నాయకుడు బొహ్దాన్ హ్మెల్నిత్స్కీ పోలండ్ రాజ్యం మీద లేపిన తిరుగుబాటు నీ రెండో అధ్యాయంలో ఉంది, అందులో యూదులు లేరు. ఆ తిరుగుబాటులో కొసాక్కులూ వాళ్లతో కలిసిన రైతులూ వేలమంది యూదుల్ని చంపారు. హీరోకి మచ్చ పడుతుందని టెన్షన్ పడి దాన్ని వదిలేశావో ఏమో, ఆ ఊళ్లలోకి నువ్వు వెళ్లి తీరాలి.

1775లో రష్యా ఎకతెరీనా రాణి జపరోజియన్ల కోటని కూల్చేయడం, 1919లో బోల్షెవిక్కులు డాన్ కొసాక్కుల్ని ఊచకోత కోయడం, ఇవన్నీ ఈ పుస్తకంలోకి లాగకు, పట్టవు. ఇక్కణ్ణుంచి ఒక్క నది చాలు, డాన్ తీసుకో. రాజిన్‌ని కట్టినవని చెప్పే గొలుసులు డాన్ ఒడ్డున స్తారోచెర్కాస్క్ ఊరి చర్చిలో ఉన్నాయి. నాలుగో అధ్యాయం ఆ గొలుసులు బిగించిన రాత్రి యాకవ్లెవ్ ఇంట్లో మొదలుపెట్టి, రాయగానే పంపు.

మీ అన్నయ్య