బాల్కనీలోకి వచ్చిన పొన్నంకి పిట్ట

గుంటూరు, బ్రాడీపేట

అమ్మాయ్ రాధికా,

రాత్రి ఫోనులో నేను కంగారుగా చెప్పినవి నీకు గుర్తుంటాయో లేదోనని రాస్తున్నాను. మీ బాల్కనీలో దిగిన పిట్ట ఫొటో చూశాను. అది పొన్నంకి పిట్టే. ఆకుపచ్చ వీపు, రెక్కమీద మెరిసే నీలం, కంటి మీదుగా నల్లపట్టీ, పొట్ట కింద కుంకుమ అద్దినట్టు ఎరుపు, ఉందా లేదా అన్నంత పొట్టి తోక. హిందీవాళ్ళు నవరంగ్ అంటారు. ఎవరి పంజరంలోంచో తప్పించుకొచ్చిందని మీ వాచ్‌మన్ అన్నాడే, అది కాదు. వానాకాలంలో హిమాలయాల కింది అడవుల్లోనో మధ్యభారతంలోనో పిల్లల్ని పెంచి, చలికాలానికి దక్షిణాదికి, శ్రీలంక దాకా పోతుంది. ప్రయాణం రాత్రిపూట. ఊళ్ళో లైట్లకు తికమకపడి, అలసిపోయి ఇలా ఇళ్ళల్లో దిగుతుంది.

నోట్లో నీళ్ళు మాత్రం పోయకు. చిన్నప్పుడు నేను ఓ పిట్టకు దాహమేస్తుందేమోనని చెంచాతో పోశాను. ఊపిరాడక నా అరచేతిలోనే పోయింది. ఆ బరువు ఇప్పటికీ చేతికి తెలుస్తుంది. బియ్యం, అన్నం కూడా పెట్టకు, అది పురుగులు తినే పిట్ట. అట్టపెట్టెకు చిల్లులు పొడిచి, అడుగున పాత నూలుగుడ్డ పరిచి, మూత వేసి చీకటిగా ఉంచు. ఫ్యాను ఆపు. పిల్లల్ని మాటిమాటికీ మూత తీసి చూడనివ్వకు. మనం ముద్దుగా చూస్తున్నా దానికి అది ప్రాణభయమే.

రెక్క వేలాడుతున్నా, నిలబడలేకపోతున్నా అటవీశాఖ వాళ్ళకు చెప్పు. బాగుంటే పొద్దున వెలుగు రాగానే మీ మొగల్రాజపురం కొండ వైపు తీసుకెళ్ళు. పొదల నీడ, రాలిన ఆకులు ఉన్న చోటు చూడు. ఎక్కువగా నేలమీదే తిరుగుతూ, ఆకులు తిరగేసి పురుగుల్నీ వానపాముల్నీ ఏరుకుంటుంది. కాకులుంటే ఆగు, కొత్త పిట్టను అవి తరిమి పొడుస్తాయి. పైకి విసరకు. పెట్టెను పక్కకు వాల్చి దూరం జరుగు, అదే గెంతుకుంటూ వెళ్తుంది.

అన్నట్టు, ఈ జాతికి శాస్త్రంలో పెట్టిన పేరు 'పిట్టా'. మన తెలుగు మాటే! పిల్లలకు చెప్పు.

పొద్దున, సాయంత్రం రెండు స్వరాల ఈల వేస్తుంది. తమిళులు ఆరుగంటల పిట్ట అంటారు. రేపు వదిలాక కాసేపు అక్కడే చెవి పెట్టి విను. వినబడితే ఎంత పొద్దున్నైనా సరే, వెంటనే నాకు ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
పెదనాన్న