‘తొలగించబడుతుంది’ అంటే ఎవరు తొలగించినట్టు?

సందేహం: జూనియర్ కళాశాలలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లల కోసం ఉబుంటూ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో కమాండ్లు టైప్ చేసే టెర్మినల్ మీద చిన్న నోట్సు రాస్తున్నాను. ‘సీపీ కమాండ్ ద్వారా ఫైలు కాపీ చేయబడుతుంది’, ‘ఆర్‌ఎమ్ కమాండ్ ద్వారా ఫైలు తొలగించబడుతుంది’ అని రాస్తే, ఇది తెలుగు వాక్యంలా లేదని సహోద్యోగి అన్నారు. ‘బడు’ వాడటం తప్పా? కమాండ్‌ను ‘ఆదేశం’ అనాలా? ‘కమాండ్ నాట్ ఫౌండ్’, ‘పర్మిషన్ డినైడ్’ వంటి సందేశాలను తెలుగులో ఎలా చెప్పాలి?

సమాధానం: వ్యాకరణం దృష్టితో చూస్తే ‘బడు’ తప్పు కాదు. కర్మణి వాక్యం, అంటే చేసినవారిని పక్కనపెట్టి జరిగినదాన్ని ముందుంచే వాక్యం, మన గ్రంథభాషలో ఎప్పటినుంచో ఉంది. అయితే తెలుగువారు దాన్ని నోటితో పలకడం అరుదు. ‘అన్నం వండబడింది’ అని ఏ ఇంట్లోనూ అనరు. చేసినవారు ఎవరో చెప్పనక్కర లేనప్పుడు మనం కర్తను వదిలేసి బహువచన క్రియ వాడతాం: రోడ్డు వేశారు, గుడి కట్టారు. మీ సహోద్యోగికి ఆ వాక్యాలు కృతకంగా వినిపించడానికి కారణం ఇదే.

మీ పాఠానికి ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. టెర్మినల్ ముందు కూర్చున్న విద్యార్థికి ఎవరు, దేన్ని, దేనిలోకి అన్న మూడు సంగతులూ తెలియాలి. ‘బడు’ మొదటిదాన్ని మింగేస్తుంది. ‘ఫైలు తొలగించబడుతుంది’ అని చదివినవాడు ఎక్కడో ఎవరో ఆ పని చూసుకుంటారని అనుకుంటాడు. ఆర్‌ఎమ్ అలా నడవదు. మామూలు ఫైలైతే ‘నిజంగానా?’ అని అడగదు. తీసేసిన ఫైలును చెత్తబుట్టలో దాచదు. పని అయ్యాక ఒక్క మాటైనా చెప్పదు. అందుకే ‘ఆర్‌ఎమ్‌తో మీరు ఫైలును తొలగిస్తారు; అది చెత్తబుట్టలోకి వెళ్లదు, తిరిగి రాదు’ అని రాయండి. ‘ద్వారా’ కూడా అక్కర్లేదు. కత్తితో కోస్తాం, కలంతో రాస్తాం. పనిముట్టుకు తృతీయా విభక్తి ‘తో’ చాలు.

ఇక విభక్తుల సంగతి. కొత్తగా నేర్చుకునే తెలుగు పిల్లలు తడబడేది ఎక్కువగా ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ‘రాముడు రావణుణ్ని చంపాడు’ అన్నా, ‘రావణుణ్ని రాముడు చంపాడు’ అన్నా మనకు అర్థం మారదు. ఎవరు ఎవరిని అన్నది ప్రత్యయం చెబుతుంది, వరుస కాదు. కమాండ్‌కు ప్రత్యయాలు లేవు, ఉన్నది వరుస ఒక్కటే. ‘సీపీ హాజరు నకలు’ అని టైప్ చేస్తే హాజరు అన్న ఫైలుకు నకలు తయారవుతుంది. పేర్లు తారుమారై ‘సీపీ నకలు హాజరు’ అయిందనుకోండి. నకలు అన్న ఫైలు ముందే అక్కడ ఉంటే అందులోని పాత వివరాలు అసలు హాజరు మీద పడతాయి. ‘ముందు అడుగు’ అని చెప్పే హైఫన్ ఐ చేర్చి ఉంటే తప్ప, అలా రాసేముందు సీపీ అడగదు. కాబట్టి మీ వివరణలో ప్రతి పేరుకూ విభక్తి తగిలించండి: ‘మొదట రాసిన ఫైలును, రెండోసారి రాసిన పేరుతో కాపీ చేస్తుంది.’ రెండోది ఇప్పటికే ఉన్న డైరెక్టరీ (ఫోల్డర్) పేరైతే ‘పేరుతో’ అనకూడదు, ‘డైరెక్టరీలోకి’ అనాలి, ఎందుకంటే అప్పుడు ఫైలు దాని లోపలికి వెళ్తుంది. ఎమ్‌వీకి కూడా ఇదే నియమం. ఒకచోట ‘పేరు మార్చడం’, ఇంకోచోట ‘తరలించడం’ అని ఒకే కమాండ్‌కు రెండు అర్థాలు ఎలా వచ్చాయని పిల్లలు అడిగితే, ‘పేరుతో’, ‘లోకి’ అన్న ఈ తేడాతోనే చెప్పవచ్చు. అలాగే సీడీతో డైరెక్టరీలోకి వెళ్తాం, ఎల్‌ఎస్‌తో డైరెక్టరీలో ఏమున్నాయో చూస్తాం. ఆ ‘కి’ని వదిలేయకండి.

ఉబుంటూలో ఫైలుకు తెలుగులో పేరు పెట్టవచ్చు. మీ పిల్లలు తప్పకుండా పెడతారు, పెట్టాలని నా కోరిక కూడా. ‘పాత మార్కులు’ అని విడదీసి రాయడమా, ‘పాతమార్కులు’ అని కలిపి రాయడమా అన్నది మన దగ్గర రచయిత ఇష్టం. టెర్మినల్‌కు మాత్రం ఖాళీ వస్తే మాట ముగిసినట్టే. ‘ఆర్‌ఎమ్ పాత మార్కులు’ అంటే ‘పాత’ అనే ఫైలునూ ‘మార్కులు’ అనే ఫైలునూ విడివిడిగా తొలగించమని. ఫైలు పేర్లలో సమాసాలను కలిపి రాయమనండి, లేదా పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టమనండి.

ఆదేశమా, కమాండా అన్నదానిపై నాకు పట్టింపు లేదు. రెండూ అర్థమవుతాయి, ఒకటి ఎంచుకుని చివరిదాకా అదే వాడండి. కమాండ్ల పేర్లను మాత్రం అనువదించవద్దు. అవి 1969లో బెల్ ల్యాబ్స్‌లో మొదలైన యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ సంప్రదాయంలో పొట్టిగా పుట్టిన పేర్లు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) రాసినప్పుడు దాని మీద నడిచిన గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ఉపకరణాలు కూడా ఆ పేర్లనే నిలుపుకున్నాయి. పలకడానికి మీరు తెలుగు లిపిలో రాసినా, టైప్ చేయాల్సింది ఇంగ్లీషు చిన్నక్షరాలనే అని విడిగా చెప్పండి. పెద్దక్షరం, చిన్నక్షరం అన్న భేదం మన లిపిలో లేదు గనుక, అది మారితే కమాండే మారిపోతుందని పిల్లలకు తోచదు.

ఇక సందేశాలు. ‘కమాండ్ నాట్ ఫౌండ్’కు ‘కమాండ్ దొరకలేదు’ అనండి, ‘కమాండ్ లేదు’ అనకండి. వెతికితేనే దొరకడమో దొరకకపోవడమో ఉంటుంది. ఇక్కడ షెల్, అంటే మీరు టైప్ చేసిన కమాండ్‌ను చదివి నడిపే ప్రోగ్రాము, నిజంగానే వెతుకుతుంది: పాత్ అనే జాబితాలో ఉన్న డైరెక్టరీలన్నీ వరుసగా చూసి, కనిపించకపోతే ఆ మాట చెబుతుంది. విద్యార్థి తాను రాసిన ప్రోగ్రామును ఎదురుగా ఉంచుకుని పేరు టైప్ చేసినా ఈ సందేశమే రావచ్చు, ఎందుకంటే ప్రస్తుత డైరెక్టరీ సాధారణంగా ఆ జాబితాలో ఉండదు. నడిపే అనుమతి ఉన్న ప్రోగ్రామైతే, పేరుకు ముందు చుక్క, స్లాష్ పెడితే నడుస్తుంది. ‘దొరకలేదు’ అని నేర్చుకున్నవాడు ‘ఎక్కడ వెతికింది?’ అని అడుగుతాడు. ‘లేదు’ అని నేర్చుకున్నవాడు కంప్యూటర్ చెడిపోయిందనుకుంటాడు. ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’ వచ్చినప్పుడు మాత్రం ‘ఆ పేరుతో ఫైలు గానీ డైరెక్టరీ గానీ లేదు’ అనడమే సరి, అక్కడ చూసింది మీరు చూపిన చోటునే.

‘పర్మిషన్ డినైడ్’కు చాలామంది ‘అనుమతి నిరాకరించబడింది’ అని రాస్తారు. ‘ఈ పనికి మీకు అనుమతి లేదు’ అనండి. ‘మీకు’ అన్న మాట పడగానే, ఎవరికి ఉంది అన్న ప్రశ్న వస్తుంది. అప్పుడు ఎల్‌ఎస్‌కు హైఫన్ ఎల్ చేర్చి ఆ ఫైలు యజమాని ఎవరో, ఎవరెవరికి ఏ హక్కులున్నాయో చూపించండి. నిర్వాహకుడి హక్కులతో కమాండ్ నడిపే సూడో పాఠం దాని తర్వాతే పెట్టండి.