కిరాయి కోసం ఇల్లు కొనేముందు

ప్రశ్న: పదవీ విరమణ సొమ్ముతో హనుమకొండలో నాలాకు సమీపంలో ఉన్న రెండు పోర్షన్ల ఇల్లు కొని, కిరాయికి ఇవ్వాలనుకుంటున్నాను. ఏయే విషయాలు చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: అమ్మా, ధర మాట్లాడేముందు గట్టి వాన కురిసిన మరునాడు ఆ వీధికి వెళ్లి చూడండి. 2020 ఆగస్టులోనూ 2023 జూలైలోనూ నగరంలోని లోతట్టు కాలనీలు నీట మునిగాయి. కొత్త రంగు వేసిన గోడకైనా మోకాలి ఎత్తున ప్లాస్టర్ ఉబ్బి, వేలితో నొక్కితే పొడిగా రాలుతుంటే, అమ్మేవారు ఏం చెప్పినా అక్కడికి నీళ్లు వస్తాయనే అనుమానించాలి. అలాంటి ఇల్లు ఎంత చవకైనా వద్దనే నా సలహా. ఎందుకంటే మీరు పెడుతున్నది మళ్లీ సంపాదించుకోలేని సొమ్ము. ఈసీ (ఆస్తిపై అప్పులు, తాకట్లు, లావాదేవీలు చూపే ధ్రువపత్రం), ఇంటి పన్ను రసీదులు న్యాయవాదికి చూపించడం ఎలాగూ తప్పదు.

రాబడిని పన్నెండు నెలలకు కాక పదకొండు నెలలకే లెక్కించండి, ఒక కుటుంబం వెళ్లి మరొకటి వచ్చేలోపు ఇల్లు ఖాళీగా ఉంటుంది కదా. ఆదాయపు పన్నుకు మాత్రం, వచ్చిన కిరాయిలో మీరు కట్టిన ఇంటి పన్ను తీసివేశాక, మిగిలినదానిలో 30 శాతం మరమ్మతుల బిల్లులు చూపకుండానే మినహాయిస్తారు.

రెండు పోర్షన్లకూ ఒకే కరెంటు మీటరు ఉంటే వాడకం కలిసి యూనిట్ ధర ఎక్కువుండే పై స్లాబుకు చేరుతుంది, బిల్లు పంచుకోవడంలో గొడవలూ వస్తాయి. కాబట్టి వేర్వేరు మీటర్లు పెట్టించండి. తెలంగాణలో లీజు పత్రాన్ని, గడువు ఏడాదిలోపే అయినా, తప్పనిసరిగా రిజిస్టరు చేయాలి. పదకొండు నెలలకే రాసుకున్నా, అడ్వాన్సు ఎంతో, ఖాళీ చేసేటప్పుడు అందులోంచి ఏయే ఖర్చులు పట్టుకుంటారో స్పష్టంగా రాయించండి.