హాస్టల్ కట్టే ముందు ఎం.వి. ఫౌండేషన్ కథ వినండి

మహబూబ్‌నగర్ పల్లెల్లో బడి మానేసిన పిల్లలకు హాస్టల్ కట్టాలని చందాలు పోగు చేస్తున్నామని రాశారు, ఎం.వి. ఫౌండేషన్ ఎలా మొదలైందో, ఏం చేసిందో అడిగారు. నేను వాళ్ల క్యాంపులో చదువుకున్నదాన్ని. అందుకే ముందుగా చెబుతున్నా, బిల్డింగ్ సంగతి కొన్నాళ్లు పక్కన పెట్టండి.

ప్రొఫెసర్ మామిడిపూడి వెంకటరంగయ్య గారి పేరు మీద 1981లో ఆయన కుటుంబం పెట్టిన సంస్థ ఇది. ఆయన మనవరాలు శాంతా సిన్హా గారు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పాఠాలు చెబుతూనే రంగారెడ్డి జిల్లాలో వెట్టి కూలీల మధ్య పనిచేశారు. పిల్లలను పని మాన్పించి బడికి పంపే ఉద్యమం 1991లో ఆ జిల్లాలోనే మొదలైంది. 2003లో ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది.

మాది గద్వాల వైపు, సీడు పత్తి, అంటే హైబ్రిడ్ విత్తనం కోసం వేసే పత్తి, పండే ఊరు. సాయంత్రం మొగ్గ రేకులు, లోపలి కేసరాలు గోటితో గిల్లి, మర్నాడు పొద్దున్నే మగ పువ్వు తెచ్చి అదే మొగ్గకు రుద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటాం. ఒక్కో మొగ్గకూ చేయాలి, నెలల తరబడి. ఆడపిల్లలకు కూలి తక్కువ, అందుకే మమ్మల్నే పిలిచేవాళ్లు. రైతు దగ్గర ముందే అడ్వాన్స్ తీసుకుంటే ఇక సీజన్ అయ్యేదాకా బడి లేనట్టే. మందు కొట్టిన చేలోకే మళ్లీ దిగేవాళ్లం. తలనొప్పి అంటే ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు.

వాలంటీర్లు వచ్చి మా అమ్మకు డబ్బులేమీ ఇస్తామనలేదు. "బడిలో లేని ప్రతి పిల్లా బాల కార్మికురాలే" అన్నది వాళ్ల పట్టుదల. ఇంట్లో పశువులు కాసేదైనా, చెల్లిని ఎత్తుకునేదైనా సరే. పేదరికం పోయాక చదివిద్దామంటే ఒప్పుకునేవాళ్లు కాదు. సర్పంచినీ, టీచర్లనూ, మా రైతునూ కూర్చోబెట్టి మాట్లాడారు. మా అమ్మ ఒప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది. నన్ను బ్రిడ్జి కోర్సు క్యాంపుకు పంపి, అక్షరాల నుంచి మొదలుపెట్టి చదివించి, నా వయసుకు తగ్గ తరగతిలో సర్కారు బడిలో చేర్పించారు. పదకొండేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెడితే వారం తిరక్కుండా పారిపోతుంది, ఇది వాళ్లు బాగా పట్టుకున్నారు. 2009 విద్యాహక్కు చట్టంలో ప్రత్యేక శిక్షణ ఇచ్చి వయసుకు తగ్గ తరగతిలో చేర్చాలన్న నియమం చదివినప్పుడు నాకు ఎంత సంతోషమయిందో!

మీ చందా డబ్బుతో ముందు ఊరి నుంచే ఇద్దరు వాలంటీర్లను పెట్టుకోండి. ఇంటింటికీ తిరిగి బడిలో లేని పిల్లల పేర్లు రాయించండి. సీడు అడ్వాన్సులు ఇవ్వకముందే ఆ పని అయిపోవాలి. వయసు సర్టిఫికెట్ లేదనో, టీసీ రాలేదనో హెడ్మాస్టరు వెనక్కి పంపితే విద్యాహక్కు చట్టంలో వయసుకు 14, టీసీకి 5 సెక్షన్లు చూపించండి. ఏడాది మధ్యలో వచ్చినా చేర్చుకోవాలని 15వ సెక్షన్ చెబుతుంది.