రోబోటిక్స్ బ్రాంచి సంగతి తర్వాత, ముందు ఆ నోట్‌బుక్ చదవండి

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. కాలేజీ నుంచి రాగానే ఆర్డుయినో బోర్డు (కోడ్ రాసి నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు), సోల్డరింగ్ ఐరన్ ముందేసుకుని కూర్చుంటాడు. ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగే పరికరం చేస్తానని నెలలు గడిపాడు. అది ఇప్పటికీ సరిగా పనిచేయదు. విసుగొచ్చి సామానంతా అటకెక్కించాను. చదువు మానేసి ఏం రాస్తున్నాడో మీరే చూడండని వాడి నోట్‌బుక్ పేజీ ఫొటో పంపుతున్నాను. ఇంత ఇష్టం ఉన్నప్పుడు రోబోటిక్స్ బీటెక్‌లో చేర్పించాలా? సీఎస్‌ఈ ఏఐ-ఎంఎల్ మేలా? ఈసీఈనా?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీరు అడిగింది మూడు బ్రాంచీల గురించి. ఉత్తరం నిండా ఉన్న భయం మాత్రం వేరు. తోటి పిల్లలు జేఈఈ మెటీరియల్ తిరగేస్తుంటే మీ వాడు వైర్లతో కాలక్షేపం చేస్తున్నాడని, రేపు వెనకబడిపోతాడని మీ దిగులు. ఏటా ఎంతోమంది తల్లిదండ్రులు ఇదే టెన్షన్‌తో నా దగ్గరికి వస్తారు. కాబట్టి ముందు దాని సంగతే మాట్లాడుకుందాం.

మీరు ఫిర్యాదుగా పంపిన ఆ పేజీని శ్రద్ధగా చదివాను. పైన ‘రిలే ఆన్ అవగానే బోర్డు రీసెట్ అవుతోంది’ అని ఉంది. రిలే అంటే బోర్డు ఇచ్చే చిన్న సిగ్నల్‌తో మోటారు లాంటి పెద్ద లోడును ఆన్, ఆఫ్ చేసే స్విచ్. మొదట కోడ్ మీద అనుమానపడ్డాడు. డిలే మార్చి చూశాడు, ఫలితం లేదు, ఆ లైను కొట్టేశాడు. తర్వాత రిలే వైరు ఊడదీసి అదే కోడ్ నడిపాడు. బోర్డు నిలకడగా ఉంది. అంటే తప్పు కోడ్‌లో లేదు. అప్పుడు రిలేకి విడిగా సప్లై ఇచ్చి, గ్రౌండ్ మాత్రం కలిపాడు. ‘ఇప్పుడు ఓకే’ అని రాసి పక్కనే ప్రశ్నార్థకం పెట్టాడు. రిలే కాయిల్ ఒక్కసారిగా కరెంటు లాగితే బోర్డుకి అందాల్సిన 5 వోల్టులు పడిపోతాయి, బోర్డు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ఆ సంగతి ఎవరూ చెప్పకుండా మీ వాడు దాని దగ్గరిదాకా వచ్చాడు. ఒకసారికి ఒక్కటే మార్చి చూడటం, పని జరిగినా ఎందుకు జరిగిందో తెలియలేదని ఒప్పుకోవడం ఫైనలియర్ పిల్లల్లో కూడా అరుదుగా చూస్తాను.

కింద ఇంకో మాట ఉంది: ‘పొద్దున రీడింగ్ తప్పు, మధ్యాహ్నం కరెక్ట్’. ట్యాంకు మూత లోపల పట్టిన చెమ్మ, నీటి మట్టాన్ని ధ్వని తరంగాలతో కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్ మీద చేరి ఉంటుంది. వాటర్‌ప్రూఫ్ రకం దొరుకుతుంది. అయితే దానికి సుమారు 20 సెంటీమీటర్ల లోపు దూరం తెలియదు. ట్యాంకు నిండే వేళకే అది గుడ్డిదవుతుంది. కొంచెం ఎత్తులో బిగించాలని మీ వాడికి చెప్పండి.

ఇక మీతో నిక్కచ్చిగా మాట్లాడాలి. సామాను అటకెక్కించడం తప్పు. పదహారేళ్ల పిల్లాడు తన పొరపాట్లను వరసగా కాగితం మీద పెట్టుకుంటుంటే, మీరు దాన్ని నేరానికి రుజువుగా ఫొటో తీసి పంపారు. పరికరం పనిచేస్తోందా లేదా అన్నదే చూశారు. వారం మధ్యలో చదువు, ఆదివారం బోర్డు అని హద్దు పెట్టండి, ఎవరూ కాదనరు. మార్కులు కావాల్సిందే. కానీ రెండింటికీ పగ పెట్టకండి. సెకండియర్ ఫిజిక్స్‌లో వచ్చే కరెంట్ ఎలక్ట్రిసిటీ వాడు చేత్తో చేస్తున్నదే. 5 వోల్టుల మీద ఎర్ర ఎల్ఈడీకి 220 ఓమ్‌ల రెసిస్టర్ ఎందుకు పెట్టావని అడిగి చూడండి. లెక్క వేసి చూపిస్తాడు.

రోబోటిక్స్ బ్రాంచి అంటే నాకు చాలా అనుమానాలున్నాయి. పేరు కొత్తగా, గొప్పగా ఉంటుంది. లోపల కొంత మెకానికల్, కొంత ఎలక్ట్రానిక్స్, కొంత కోడింగ్, కొంత కంట్రోల్ సిస్టమ్స్. వీటన్నిటినీ లోతుగా చెప్పగల అధ్యాపకులు, ల్యాబులు ఉన్న చోట అది మంచి చదువే. లేని చోట నాలుగూ పైపైన తాకి వదిలేస్తారు. చేర్చే ముందు కాలేజీకి వెళ్లండి. బ్రోషర్‌లో మెరిసే రోబో చేతిని చూసి రావద్దు. ఆసిలోస్కోపులు (సర్క్యూట్‌లోని సిగ్నల్‌ని తెర మీద గీతగా చూపే పరికరాలు) ఎన్ని ఉన్నాయి, ఎందరికి ఒకటి, లేత్ మీద పిల్లల చేత పని చేయిస్తారా అని అడగండి. థర్డియర్ విద్యార్థిని పక్కకు పిలిచి నువ్వు సొంతంగా చేసింది చూపించమనండి. ఫైనలియర్ ప్రాజెక్టులు అమీర్‌పేటలో డబ్బిచ్చి కొనుక్కునే అలవాటు అందరికీ తెలిసిందే. అక్కడ కూడా అదే నడుస్తుంటే బ్రాంచి పేరు మీ వాడిని కాపాడదు.

వేసవి రోబోటిక్స్ కోర్సుల మీదా నాకు నమ్మకం తక్కువ. చాలావాటిలో కిట్‌లోని ప్రతి ముక్కా చక్కగా అతుక్కుంటుంది, కోడ్ ముందే రాసి ఉంటుంది, చివర్లో సర్టిఫికెట్. అదే సొంతంగా త్రీడీ ప్రింట్ చేస్తే, 3 మిల్లీమీటర్లని గీసిన రంధ్రం కాస్త చిన్నదిగా వస్తుంది, 3 మిల్లీమీటర్ల స్క్రూ పట్టదు. గీసేటప్పుడే కొంచెం వదులు ఇవ్వాలని అప్పుడు తెలుస్తుంది. ఏదీ పాడవ్వని కిట్‌తో ఏం నేర్చుకుంటాడు? ఆ ఫీజుతో మంచి మల్టీమీటర్, వేడి తగ్గించి పెంచుకునే సోల్డరింగ్ స్టేషన్ కొనిపెట్టండి. విడిభాగాలకి హైదరాబాద్ వచ్చినప్పుడు కోఠి గుజరాతీ గల్లీకి తీసుకెళ్లండి. రాయదుర్గంలో 2023లో ప్రారంభమైన, కొత్త పరికరాల నమూనాలు తయారుచేసుకునే టీ-వర్క్స్ కేంద్రాన్ని కూడా ఒకసారి చూపించండి. లేజర్ కటింగ్, పీసీబీ తయారీ, లోహపు పని ఒకే కప్పు కింద కనిపిస్తాయి.

ఇక మీరడిగిన పోలిక. ఆ పేజీని బట్టి నా మొగ్గు ఈసీఈకి, అది రాకపోతే ఈఈఈకి. వైర్ల కంటే కోడే ఇష్టమని వాడు అంటే మామూలు సీఎస్‌ఈ చాలు, ఏఐ-ఎంఎల్ అన్న తోక కోసం అధ్వానమైన కాలేజీకి పోవద్దు. హార్డ్‌వేర్ వైపు మొదటి జీతం సాధారణంగా సాఫ్ట్‌వేర్ కంటే తక్కువే ఉంటుంది, దాచను. కానీ ఎంబెడెడ్ సీ (పరికరాల్లోని చిప్‌ల కోసం సీ భాషలో రాసే కోడింగ్) బాగా వచ్చి, బోర్డు ముందు పెడితే లోపం పట్టగల కుర్రాడు ఖాళీగా కూర్చోడు. (ఇది చదివే పదో తరగతి తల్లిదండ్రులకు ఒక మాట: హైదరాబాద్ బాలానగర్‌లోని సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్)లో టూల్, డై అండ్ మౌల్డ్ మేకింగ్ డిప్లొమా ఉంది. చేతిపని మీద ఇష్టమున్న పిల్లలకి దాన్ని తప్పక పరిశీలించండి.)

ఒక్క విషయంలో మాత్రం మీ భయం సబబే. మోటారు నడిచేది 230 వోల్టుల మీద. 5 వోల్టుల వైపు ఎన్ని ప్రయోగాలైనా చేసుకోనివ్వండి, స్టార్టర్ వైపు వైరింగ్ మాత్రం ఎలక్ట్రీషియన్ చేతనే చేయించండి, మీ వాడిని పక్కన నిలబడి చూడమనండి. ఇంట్లో కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ లేకపోతే ఈ వారమే పెట్టించండి.