మా తమ్ముడు రమ్మీ బాగా ఆడతాడు, పోకర్ నేర్చుకుని స్టూ ఉంగర్ లాగా అవుతానంటున్నాడు. అసలు ఆయన కెరీర్ ఎలా సాగింది?

ఆటగాడిగా ఉంగర్‌కు దగ్గరగా వచ్చేవాళ్లు చాలా తక్కువ. కానీ ఆయన సంపాదించింది ఒక చోట, పోగొట్టుకుంది ఇంకో చోట. మీ తమ్ముడికి ముందు చెప్పాల్సింది ఇదే.

1953లో న్యూయార్క్‌లో పుట్టాడు. పోకర్ కంటే ముందు ఆయన ఆట జిన్ రమ్మీ. మన పదమూడు ముక్కల ఆటకు దగ్గర చుట్టమే: ఇద్దరే ఆడతారు, చేతికి పది ముక్కలు, జోకర్ ఉండదు. పడేసిన ముక్కలు చూసి ఎదుటివాడి చేతిలో ఏముందో పట్టేసేవాడు. చివరికి ఆయనతో జిన్ ఆడడానికి ఎవరూ కూర్చోలేదు. అందుకే పోకర్‌కు మళ్లాడు.

1980లో లాస్ వేగాస్‌లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీకి దిగేటప్పటికి, అక్కడ ఆడే హోల్డెమ్ అనే పోకర్ రకం ఆయనకు పెద్దగా అలవాటు కూడా లేదు. అయినా చివర్లో పేరుమోసిన ఆటగాడు డోయల్ బ్రన్సన్ అంతటివాడిని ఓడించాడు. 1981లో మళ్లీ గెలిచాడు. 1997లో మూడోసారి. పాతతరం ఆటగాడు జానీ మాస్‌కూ మూడు టైటిళ్లు ఉన్నాయి, కానీ అందులో మొదటిది తోటి ఆటగాళ్ల ఓటుతో వచ్చింది. మూడుసార్లూ ఆడి గెలిచింది ఉంగర్ ఒక్కడే.

నన్ను ఎక్కువ కలచివేసేది 1990 పోటీ. మధ్యలో ఒకరోజు ఆయన ఆటకు రాలేదు. వెళ్లి చూస్తే మత్తుమందు ఎక్కువై గదిలో స్పృహ లేకుండా పడి ఉన్నాడు. టేబుల్ దగ్గర ఖాళీ కుర్చీ, దాని ముందు ఆయన చిప్స్, అంటే పందెం కాసే బిళ్లలు. ప్రతి రౌండ్‌కూ కట్టాల్సిన పందెం వాటిలోంచి తీస్తూ పోయారు. అంతకుముందు ఎంత గెలిచి పెట్టాడంటే, మనిషి లేకుండానే తొమ్మిదో స్థానం వచ్చింది!

1997లో పోటీకి కట్టాల్సిన 10,000 డాలర్లు కూడా ఆయన దగ్గర లేవు. తోటి ఆటగాడు బిల్లీ బాక్స్టర్ కట్టాడు. గెలిచిన 10 లక్షల డాలర్లు ఇద్దరూ పంచుకున్నారు. ఆ వాటా నెలల్లోనే అయిపోయింది. 1998 నవంబర్‌లో, 45 ఏళ్లకే, వేగాస్‌లోని ఒక మోటెల్ గదిలో చనిపోయాడు. అంత్యక్రియలకు చందాలు వేసుకున్నారు.

ఆ డబ్బంతా ఎక్కడికి పోయింది? గుర్రప్పందేలకు, మ్యాచ్‌ల మీద బెట్టింగులకు, కొకైన్‌కు.

మాది ప్రొద్దుటూరు. ఇలాంటిది మా ఇంట్లోనే చూశాను. మా చిన్నాయన రమ్మీకి కూర్చుంటే పక్కవాళ్లు జంకేవాళ్లు. నాలుగు రౌండ్లు తిరిగేసరికి "నువ్వు ఆఠీను ఏడు కోసం చూస్తాండావు, అది నా కాడ ఉంది" అనేవాడు. ముక్కలు బాగా పడకపోతే పంతానికి పోకుండా డ్రాప్ అయ్యేవాడు. అంత నిదానస్తుడు ఐపీఎల్ వచ్చాక ఫోన్‌లో బెట్టింగ్ మొదలుపెట్టాడు. ఓవర్ ఓవర్‌కూ రేటు మారేది, పోయిన కొద్దీ పెంచేవాడు. చేను అమ్మాల్సి వచ్చింది. చిన్నమ్మ నగలు తాకట్టులోంచి మళ్లీ ఇంటికి రాలేదు.

ముక్కల దగ్గర ఆయన చేతిలో ఏదో ఒకటి ఉండేది: ఏది పడేయాలి, ఎప్పుడు ఆపాలి. మ్యాచ్‌లో డబ్బు పెట్టాక చేయగలిగింది ఏమీ లేదు. ఉంగర్ కూడా అంతే. ఎదుటి మనిషిని చదవడం ఆయన బలం. గుర్రం మీద పందెం కాసినప్పుడు ఆ బలం ఎందుకు పనికొస్తుంది? గెలవడం అలవాటైన మనిషి ఇక్కడా గెలుస్తాననే అనుకుంటాడు. చిన్నాయనను చూశాక నేను గట్టిగా నమ్మేది ఇదే.

చట్టం సంగతి కూడా చూసుకోండి. రమ్మీలో నైపుణ్యమే ప్రధానమని సుప్రీంకోర్టు 1968లో చెప్పింది, నిజమే. కానీ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను మా ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించింది. 2025లో కేంద్రం చట్టం తెచ్చి దేశమంతటా ఆపేసింది. ఆన్‌లైన్‌లో కెరీర్ అనే మాటకు ఇప్పుడు ఇక్కడ చోటు లేదు.

మీ తమ్ముడు ఎంత బాగా ఆడతాడనేది పక్కన పెట్టి, క్రికెట్ మీద డబ్బు పెడుతున్నాడేమో నెమ్మదిగా కనుక్కోండి. పెడుతుంటే పోకర్ గురించి వాదించకండి, ముందు ఆ బెట్టింగ్ గురించి మాట్లాడండి. మా ఇంట్లో ఆ మాట ఎవరూ అడగలేదు. అందరం ఆయన రమ్మీ ఆటనే పొగుడుతూ కూర్చున్నాం.